జాంగో కొత్త వెర్షన్ల గురించి మన పిల్లలకి తెలుగులో చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది కావలి. రొయ్యల రైతులకి రోజువారీ కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క) రేట్లు చూపించే చిన్న వెబ్‌సైట్ నేనూ మా తమ్ముడూ నడుపుతున్నాం, జాంగోలో (పైథాన్ భాషలో వెబ్‌సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్) రాశాం, డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. పట్టుబడి రోజుల్లో పొద్దున్నే అందరూ ఒకేసారి రేటు చూస్తారు కదా, సరిగ్గా ఆ టైంకే సైట్ పడిపోయేది, లాగ్ తీస్తే డేటాబేస్‌తో సైట్ మాట్లాడే దారులు, అంటే కనెక్షన్లు, నిండిపోయాయని ఎర్రర్. పోస్ట్‌గ్రెస్ మామూలుగా 100 కనెక్షన్లకి మించి తీసుకోదు, ఒక్కోదానికి ఒక ప్రాసెస్ లేపుద్ది, మేమేమో రిక్వెస్ట్ వచ్చిన ప్రతిసారీ కొత్తది తెరిచి మూస్తున్నాం, బిందెకో బోరు వేసినట్టు.

2024 ఆగస్టులో వచ్చిన జాంగో 5.1లో పోస్ట్‌గ్రెస్‌కి కనెక్షన్ పూలింగ్, అంటే కొన్ని కనెక్షన్లు తెరిచి ఉంచి వాటినే మళ్లీ మళ్లీ వాడుకోవడం, జాంగోలోనే పెట్టారు. అంతకుముందైతే ఇదే పని చేసే పీజీబౌన్సర్ లాంటి ప్రోగ్రాం పక్కన విడిగా నడపాలి, ఇద్దరం చేసుకునే పనికి అది చానా బరువు. ఇప్పుడు పైథాన్‌ని పోస్ట్‌గ్రెస్‌తో కలిపే సైకోపీజీ 3, దాని పూల్ ప్యాకేజీ వేసుకుని సెట్టింగ్స్‌లో ఒక లైన్ రాస్తే చాలు. కాకపోతే కనెక్షన్‌ని ఎంతసేపు తెరిచి ఉంచాలో చెప్పే కాన్ మ్యాక్స్ ఏజ్ సెట్టింగ్ సున్నాలో ఉండాలి, అది తెలీక మేం ఒక పూటంతా కూర్చున్నాం. ఇంకోటి, పూల్ అనేది రిక్వెస్టులు తీసుకునే ఒక్కో వర్కర్ ప్రాసెస్‌కీ వేరు, అన్నీ కూడితే ఆ 100 దాటకుండా చూసుకోవాలి.

2025 ఏప్రిల్‌లో వచ్చిన 5.2లో కాంపోజిట్ ప్రైమరీ కీ, అంటే రెండు మూడు వివరాలు కలిపి ఒక్కో రికార్డుకి గుర్తుగా పెట్టుకోవడం, కూడా ఇచ్చారు. ఊరు, తేదీ, కౌంట్ మూడూ కలిస్తేనే మాకు ఒక రేటు, అందుకని చానా ఆశపడ్డాం, కానీ అట్టాంటి మోడల్‌ని (జాంగోలో టేబుల్‌ని రాసుకునే తీరు) అడ్మిన్‌లో (డేటా దిద్దుకునే జాంగో పేజీలు) పెట్టనివ్వదు, దానికి ఇంకో టేబుల్ నుంచి లింకు, అంటే ఫారిన్ కీ, కూడా కుదరదు, ప్రస్తుతానికి ఆగాం.

పేజీ మెల్లగా రావడం మాత్రం మా తప్పే. 40 ఊళ్ల రేట్లు చూపించడానికి డేటాబేస్‌కి 41 ప్రశ్నలు, అంటే క్వెరీలు, పోతున్నాయి, సంబంధమున్న డేటాని ఒకేసారి తెచ్చే సెలెక్ట్ రిలేటెడ్ రాస్తే ఒకటైంది. ఇది ఏ వెర్షనూ మనకి చేసిపెట్టదు.

అయ్యా, మా దగ్గరికి ప్రాజెక్టుల కోసం నెల్లూరు, ఒంగోలు నుంచి వచ్చే ఇంజనీరింగ్ పిల్లలు ఇంకా జాంగో 3.2 పట్టుకొస్తున్నారు, దానికి సెక్యూరిటీ అప్‌డేట్లు 2024 ఏప్రిల్‌తోనే ఆగిపోయాయి. పిల్లలు తెలివైనవాళ్లే, చెప్పేవాళ్లు లేరంతే. అసలు జాంగో పుట్టిందే అమెరికాలో కాన్సస్ రాష్ట్రం లారెన్స్‌లో ఒక న్యూస్‌పేపర్ ఆఫీసులో, 2003లో, వార్తల సైట్లు గబగబా కట్టడానికి, అందరికీ ఇచ్చింది 2005లో. కాబట్టి మీ చదువుల పేజీలో వారానికి ఒక్క కాలమ్ దీనికివ్వండి, పోస్ట్‌గ్రెస్ కనెక్షన్ అంటే ఏంటో అక్కడినుంచి మొదలుపెట్టండి.

ఇట్లు,
మీ పాఠకుడు, కావలి