క్యాంపు గడిని కూల్చే ముందు కొలతలైనా తీసుకోండి

సంపాదకుడికి,

అయ్యా,

మా ఊళ్లో పాత గడిని, అంటే దొరల కోటలాంటి ఇంటిని, కూల్చి ప్లాట్లు చేస్తారని నెల రోజులుగా వింటున్నాం. మాది సూర్యాపేట జిల్లా, అంటే పాత నల్లగొండ. ఆ ఇంటిని ఊళ్లో ఎవరూ దొర గడి అనరు, క్యాంపు గడి అంటారు. కట్టినవాళ్ల పేరు పోయి, నాలుగేళ్లు ఉండిపోయినవాళ్ల పేరు నిలిచింది.

ఆ నాలుగేళ్ల సంగతి మా పిల్లలకు తెలియదు. ముందు రజాకార్లు దిగారు. 1948 సెప్టెంబరు 13న పోలీసు చర్య మొదలైంది. విజయవాడ వైపు నుంచి బయల్దేరిన భారత యూనియన్ సైన్యం మునగాల, సూర్యాపేట మీదుగా హైదరాబాద్ బాట పట్టింది. వెనక్కి తగ్గుతూ నిజాం సైన్యం మూసీ వంతెనను కూల్చింది కానీ, అక్కడ కాపు కాసి కాల్పులు జరపలేదు. దాంతో వచ్చినవాళ్లు వంతెనను తొందరగానే బాగు చేసుకున్నారు. 17న నిజాం లొంగిపోయాడు. ఇంతవరకు అందరూ చెప్పుకునే కథే. మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి మిలిటరీ గవర్నరు అయిన నాటి నుంచి, 1951 అక్టోబరులో కమ్యూనిస్టు పార్టీ సాయుధ పోరాటాన్ని విరమించేదాకా మా వైపు పల్లెల్లో నడిచిన మిలిటరీ, పోలీసు క్యాంపుల గురించే ఎవరూ నోరు విప్పరు.

పల్లెటూళ్లో నలభై యాభై మంది తుపాకులతో ఉండాలంటే ఇల్లెక్కడ దొరుకుతుంది? గడి ఒక్కటే దిక్కు. ఎత్తు గోడలు, లోపలే బావి, గుర్రాల కొట్టం, ధాన్యం గది. రజాకార్లు ఖాళీ చేసిన గదుల్లోనే యూనియన్ వాళ్లూ దిగారు. మా బాపమ్మ చెప్పేది: "మిలిటరీ వచ్చిందంటె కొబ్బరికాయలు కొట్టినం బిడ్డా. జొన్న కోతలు కాకముందె గా మిలిటరీకే భయపడి చేన్ల దాక్కున్నం." సంగపోళ్లకు, అంటే పోరాటంలో ఉన్న కమ్యూనిస్టులకు, అన్నం పెట్టారన్న అనుమానం మీద మా తాతను రెండు రాత్రులు ఆ గడిలో కూర్చోబెట్టారట. ఏం చేశారో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఆ తోవన పోవాల్సి వస్తే మాత్రం చుట్టు తిరిగి చెరువు కట్ట మీదుగా పోయేవాడు.

మొన్న లోపలికి వెళ్లి చూశాను. సగం కప్పు కూలింది. టేకు తలుపులు ఎప్పుడో అమ్ముకున్నారు. గుర్రాల కొట్టంలో బర్రెలు, పెద్ద హాల్లో పత్తి బస్తాలు. హాలు గోడకు వరసగా చిలకకొయ్యలు ఇంకా ఉన్నాయి, తుపాకులు వాటికే తగిలించేవారని ముసలివాళ్లు అంటారు. ఒక మూల డంగుసున్నం మీద మొలతో గీసిన పేరు, నాగరి లిపిలో. ఎక్కడి పిల్లవాడో, ఇక్కడి ఎండకు ఏమనుకున్నాడో.

ఇప్పటి క్యాంపుల మాట కూడా చెప్పాలి. మొన్నటి ఎన్నికలప్పుడు సాయుధ బలగాలను ఒక హైస్కూల్లో దించారు. బెంచీలు వరండాలో పేర్చారు, కిటికీకీ కిటికీకీ మధ్య తాడు కట్టి బట్టలు ఆరేశారు, వేపచెట్టు కింద వంట. నాలుగు మరుగుదొడ్లకు పొద్దున్నే ఎంత పొడుగు లైనో. అంత దూరం నుంచి వచ్చినవాళ్లకు మంచాలైనా లేవు. పిల్లలకైతే పండగే. "క్యాంపు పడ్డది, బడి లేదు" అని ఎగురుకుంటూ పోయారు. మా బాపమ్మకు ఒళ్లు జలదరించిన మాట వీళ్లకు సెలవు. నాయకులకైతే అదే మాట రిసార్టు! క్యాంపు రాజకీయాలని పేపర్లో మీరే కదా రాస్తారు.

బస చేసినవాళ్లు పోయినా పేరు మిగలడం మన దగ్గర కొత్త కాదు. సికింద్రాబాద్‌ను ఇప్పటికీ లష్కర్, అంటే సైన్యం బస, అంటాం, బోనాలప్పుడు మరీను. వనపర్తి సంస్థానం వాళ్లు ఆఫ్రికా మనుషులతో గుర్రపు దళం పెంచారు. అది నిజాం సైన్యంలో చేరాక హైదరాబాద్‌లో వాళ్లుండే చోటే ఏసీ గార్డ్స్ (ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్) అయింది. ఆ పేరు వింటే ఏసీలు బాగు చేసే బస్తీ అనుకునేవాళ్లను నేను చూశాను. చెప్పేవాళ్లు లేకపోతే మా క్యాంపు గడి కూడా అట్లాగే ఏ టెంట్‌హౌసో అవుతుంది.

కట్టడాలను వాడుకోవద్దని నేను అనడం లేదు. గద్వాల కోటలో డిగ్రీ కాలేజీ నడుస్తోంది, వనపర్తి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ ఉంది. పిల్లలు తిరుగుతుంటే గోడ నిలుస్తుంది, బర్రెలు కడితే నిలవదు. మా గడి మాత్రం ప్రైవేటు ఆస్తి. యజమానిని అమ్ముకోవద్దనే హక్కు నాకు లేదు, ప్రభుత్వం కొంటుందన్న ఆశా లేదు. రాష్ట్రానికి 2017 నుంచి సొంత వారసత్వ చట్టం ఉన్నా, పల్లెటూరి క్యాంపు దాకా దాని చూపు ఎప్పుడు వస్తుందో! అందుకే చిన్న కోరికే కోరుతున్నాను. కూల్చే ముందు రెవెన్యూ వాళ్లు ఒక పూట వచ్చి కొలతలు తీసుకోవాలి, ఫొటోలు తీయాలి. పాత జిల్లాలో ఏ ఊళ్లో ఏ ఇంట్లో క్యాంపు పడిందో మండలాల వారీగా రాయించాలి. మా ఊళ్లో ఆ రోజులు చూసినవాళ్లు ముగ్గురే మిగిలారు, ఒకరికి చెవులు వినపడవు. పంచాయతీ ముందు ఒక రాయి పాతడానికి లక్షలు అక్కర్లేదు.

సెప్టెంబరు 17కు ఒకరు విమోచనం అంటారు, ఒకరు సమైక్యత అంటారు, ఇప్పుడు ప్రజాపాలన దినోత్సవమట. పేరు కోసం ఇంత కొట్లాడుకునే పార్టీల్లో ఒక్కరైనా మా గడి ముందు బోర్డు పెట్టలేదు. పెడితే ఏం రాయాలన్నదే వాళ్ల ఇబ్బందని నా అనుమానం. కొబ్బరికాయలు కొట్టిన మాట ఒకరికి నచ్చుతుంది, చేలల్లో దాక్కున్న మాట ఇంకొకరికి. రెండూ రాయండి, రెండూ మా ఊరివే.

గోడ మీది ఆ నాగరి పేరును ఫోనులో తీసి పెట్టుకున్నాను. చివరి రెండక్షరాలు అప్పటికే పెచ్చులూడిపోయాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
సూర్యాపేట జిల్లా