ఆ గాలిని ఎవరూ కొలవలేదు

సంపాదకుడికి,

టోర్నడోల కాలం ముగిసిందనుకునే డిసెంబరులో, 2021లో, కెంటకీలోని మేఫీల్డ్‌ను నేలమట్టం చేసిన టోర్నడోపై మీ వ్యాసంలో ‘గంటకు 306 కిలోమీటర్ల గాలి నమోదైంది’ అని రాశారు. ఆ వేగాన్ని ఏ పరికరమూ కొలవలేదు. అమెరికా జాతీయ వాతావరణ సేవా సంస్థ బృందాలు శిథిలాల మధ్య తిరిగి వేసిన అంచనా అది. ఇళ్లు కట్టించడంలోనే ఉద్యోగ జీవితం గడిపిన నాకు ఆ పని మీద గౌరవం ఎక్కువ. ఇల్లు కొట్టుకుపోయిందంటే చాలదు. గోడను పట్టి ఉంచే యాంకర్ బోల్టులు పునాదిలో ఉన్నాయా, వాటికి నట్లు, వాషర్లు బిగించారా, లేక గోడను ఉత్త మేకులతో దిగ్గొట్టి వదిలేశారా అని చూస్తారు. (మేకులతో సరిపెట్టిన వాడి పేరు మాత్రం నివేదికలో ఉండదు!) నాసిరకం కట్టడం తక్కువ గాలికే లేచిపోతుంది కనుక రేటింగ్ (నష్టాన్ని బట్టి టోర్నడోకు 0 నుంచి 5 దాకా ఇచ్చే ఈఎఫ్ స్థాయి) తగ్గుతుంది. మేఫీల్డ్‌కు ఈఎఫ్-4 ఇచ్చారు. ఈఎఫ్-5 కావాలంటే అంచనా 322 కిలోమీటర్లు దాటాలి.

చిక్కంతా పొలాల్లోనే. 2013 మే 31న ఓక్లహోమాలోని ఎల్ రెనో దగ్గర సంచార రాడార్లు 450 కిలోమీటర్లకు పైగా వేగాన్ని పట్టుకున్నా, అంత నష్టం చూపే కట్టడాలు దారిలో లేక ఈఎఫ్-3తో సరిపెట్టారు. ఇది నాకు మింగుడుపడదు. రాడార్ అంకె, నష్టం అంకె పక్కపక్కనే ప్రకటించాలి. మీరూ అలాగే రాయండి.

— ఒక విశ్రాంత సివిల్ ఇంజినీరు