దూరవిద్య డిగ్రీ చెల్లుతుంది, కానీ...

సంపాదకులు గారికి,

మిర్యాలగూడ రైస్ మిల్లులో లెక్కలు రాసే మా అబ్బాయి దూరవిద్యలో బీకాం చదువుతానంటున్నాడు. ‘ఆ డిగ్రీ చెల్లదు’ అని చుట్టాలు వెనక్కి లాగుతున్నారు. అది తప్పు. గుర్తింపు ఉన్న సంస్థ ఇచ్చే దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని 2022లో దేశంలోని యూనివర్సిటీలను పర్యవేక్షించే యూజీసీయే స్పష్టం చేసింది. దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ 1982లో మన హైదరాబాద్‌లోనే పుట్టింది. అదే నేటి అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. అయితే చేరబోయే కోర్సుకు ఆ ఏడాది అనుమతి ఉందో లేదో యూజీసీ వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. ఇంజనీరింగ్, నర్సింగ్ లాంటివి ఈ పద్ధతిలో ఇస్తామంటే నమ్మొద్దు.

నా టెన్షన్ వేరే. మా వీధిలో బట్టల షాపులో పనిచేసే అమ్మాయి ఇదే కోర్సు చదువుతోంది. రాత్రి షాపు కట్టేసి వచ్చి లెక్కలు ముందేసుకుంటుంది. ఖాతాల డెబిట్, క్రెడిట్ మొత్తాలు సరిచూసే ట్రయల్ బ్యాలెన్స్ రెండు వైపులా కలవదు, అడుగుదామంటే మనిషి ఉండరు. ఇక పుస్తకం మూసేస్తుంది. తెలివి లేక కాదు, చెప్పేవాళ్లు లేక. వడ్లు వచ్చే నెలల్లో మా వాడికి ఆదివారం సెలవు కూడా దొరకదు, క్లాసులకు ఎలా పోతాడు?

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లోని స్టడీ సెంటర్లలో పనిచేసుకునే పిల్లల కోసం సాయంత్రం పూట సందేహాలు తీర్చే తరగతులు పెట్టాలని, పరీక్షల తేదీలు చాలా ముందుగా చెప్పాలని అధికారులను కోరుతున్నాను.

ఓ తండ్రి, మిర్యాలగూడ