గళ్ళు గీసుకుని వేస్తే నకలు అయిపోతుందా?

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో పాత యానిమేషన్ సినిమాల మీద వ్యాసం చదివాను. 1983లో వచ్చిన 'ఫైర్ అండ్ ఐస్' గురించి రాస్తూ, ముందు నటులతో షూటింగ్ చేసి ఆ ఫిల్ము మీద గీసుకున్న బొమ్మలు కాబట్టి అదంతా 'నకలు పని' అని తేల్చేశారు. ఆ మాట దగ్గర నాకు మనసు చివుక్కుమంది.

నేను ఇరవై రెండేళ్ళు విజయవాడలో సినిమా బ్యానర్లు వేశాను. గాంధీనగరంలో డిస్ట్రిబ్యూటర్ ఆఫీసు నుంచి అరచేయంత స్టిల్ తెచ్చుకునేవాళ్ళం. దాని మీద పెన్సిల్‌తో గళ్ళు గీసి, అన్నే గళ్ళు మార్కిన్ గుడ్డ మీద పెద్దవిగా వేసి, ఏ గడిలోది ఆ గడిలోకి ఎక్కించేవాళ్ళం. అయినా ఒకే స్టిల్ నలుగురికిస్తే నాలుగు ముఖాలు వచ్చేవి. మా గురువుగారు కత్తి అంచు మీద మెరుపుని తెల్లరంగుతో ఒక్క ఊపులో లాగేవారు. అలంకార్ సెంటర్‌లో ఆ చివర నిలబడి చూసినా ఆ కత్తి కోస్తుందనిపించేది. ఆ మెరుపు స్టిల్‌లో ఉండేది కాదు.

ఈ సినిమాలో వాడిన, ఫిల్ము మీద బొమ్మ గీసుకునే పద్ధతిని రోటోస్కోప్ అంటారు. దానికి అమెరికా యానిమేటర్ మాక్స్ ఫ్లైషర్ 1917లోనే పేటెంట్ తీసుకున్నారు. సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మని రెండు ఫ్రేములకు నిలిపినా నిమిషానికి 720 బొమ్మలు గీయాలి. ప్రతి బొమ్మలోనూ ఏ గీత ఉంచాలో, ఏ ముడత వదిలేయాలో గీసేవాడే తేల్చుకోవాలి. కనబడ్డదల్లా గీస్తే తెర మీద బొమ్మ వణుకుతుంది.

మనవడు లాప్‌టాప్‌లో పెడితే రెండుసార్లు చూశాను. నెక్రాన్ అనే మంచురాజు మంత్రబలంతో హిమానీనదాల్ని దక్షిణానికి నెట్టుకొస్తుంటాడు. అటువైపు అగ్నిపర్వతం మీద ఫైర్‌కీప్ కోట. నెక్రాన్‌ది పాలిపోయిన ఒళ్ళు, తెల్లజుట్టు. జానపద సినిమా బ్యానర్లలో మాంత్రికుడి ముఖానికి మేం ఆకుపచ్చ, నీలం పట్టించి, హీరోకి ఎరుపు, పసుపు వేసేవాళ్ళం. పేరు చదవకముందే ఎవరు మంచో ఎవరు చెడో తెలియాలి. ఇక్కడా చలి రంగులకీ వేడి రంగులకీ యుద్ధం. వెనకాల కొండలూ అడవులూ వేసినవాళ్ళు జేమ్స్ గర్నీ, థామస్ కింకేడ్. అప్పటికి ఇద్దరూ పాతికేళ్ళ కుర్రాళ్ళు. ఆ అడవిలో వెలుతురు చూడటానికైనా ఆ సినిమా చూడొచ్చు.

లోపాలు లేవనను. కథ పలచన. రాకుమారి ఒంటి మీద బట్ట మరీ తక్కువ, చిన్నపిల్లలకు చూపించలేం. సినిమాకు ప్రాణమైన చిత్రకారుడు ఫ్రాంక్ ఫ్రజెట్టా నూనెరంగుల చిత్రాల్లో కండ కండకీ నీడ ఉంటుంది. సినిమాలో మనుషులకి చదునుగా ఒకే రంగు పూశారు. అందుకే వాళ్ళు ఆ చక్కటి అడవి మీద కత్తిరించి అతికించినట్టు కనబడతారు. మీ వ్యాసకర్త ఈ తప్పు పట్టి ఉంటే ఒప్పుకునేవాణ్ణి. ఇంకోటి, చెడ్డవాడి సైన్యమంతా నల్లటి ఒళ్ళున్న ఆటవికులు. రాక్షసులకు నేనూ అలా నల్లరంగు పూసినవాణ్ణే. ఇప్పుడైతే వేయను.

ఫ్లెక్సీలు వచ్చాక మా షెడ్డు మూతపడింది. అప్పుడు ఒక హాలు మేనేజరు నాతో అన్నమాట ఇదే: "ఫొటో చూసి దించేదేగా, మెషీన్ దించుతుందిలే." మళ్ళీ అదే మాట అచ్చులో చూసేసరికి ఉండబట్టలేక రాస్తున్నాను. దయచేసి 'నకలు' అన్నమాట సరిదిద్దండి.

వ్యాసం రాసినవారు గాంధీనగరం వైపు వస్తే మా ఇంటికి రమ్మని చెప్పండి. గళ్ళు గీసిన స్టిల్స్ నా దగ్గర రేకుపెట్టె నిండా ఉన్నాయి. చూపిస్తాను.

– ఒక పాత బ్యానర్ ఆర్టిస్టు,
గాంధీనగరం, విజయవాడ