మన తెలుగు సంఘం, బరంపురం: ఈ ఏటి వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. గత ఉగాది నుంచి ఈ ఉగాది దాకా సంఘం చేసిన పనులను కార్యవర్గం తరఫున మీ ముందు ఉంచుతున్నాను. పండగల సంగతి మీకు తెలిసిందే. ఉగాది పచ్చడి, కార్తీక వనభోజనాలు, సంక్రాంతి ముగ్గుల పోటీ ఎప్పటిలాగే జరిగాయి. వనభోజనాల్లో వెనక బంతికి పులిహోర అందలేదన్న ఫిర్యాదు వచ్చింది, ఈసారి చూసుకుంటాం. జమాఖర్చుల పట్టీ విడిగా జతచేశాం.

ఈ ఏడాది ఎక్కువగా చెప్పుకోవాల్సింది నెలనెలా జరిగే సభల గురించి. వానాకాలంలో మన వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో తెగ తిరిగింది. కళింగ యుద్ధం అయ్యాక అశోకుడు తొమ్మిదిమంది పండితులతో రహస్య సంఘం పెట్టాడట. ఒక్కొక్కరికి ఒక్కో గ్రంథం అప్పగించాడట. ముట్టుకుని ప్రాణం తీసే విద్య, లోహాన్ని బంగారం చేసే విద్య, గాల్లో ఎగిరే విద్య అన్నీ వాళ్ళ దగ్గరే ఉన్నాయట. ఒకరు పోతే ఇంకొకరు వస్తూ ఆ తొమ్మిదిమంది నేటికీ ఉన్నారట. కుర్రాళ్ళు షేర్ల మీద షేర్లు చేశారు. పెద్దల్లో సగంమంది కొట్టిపారేశారు, సగంమంది "ఏమో, ఎవరు చూడొచ్చారు" అన్నారు. సిద్ధ నాగార్జునుడి రసవాదం, వేమన బంగారం చేసిన కథ విని పెరిగినవాళ్ళం కదా, మనకీ రుచి కొత్త కాదు. పైగా అశోకుడు చెక్కించిన బండ ఒడిశాలోని మన గంజాం జిల్లాలోనే, జౌగడలో ఉంది. గ్రూపులో గొడవపడే బదులు సభల్లోనే తేల్చుకుందామని నిర్ణయించాం.

మొదటి సభలో కథ ఎక్కడ పుట్టిందో చూశాం. ఈ తొమ్మిదిమందిని ప్రపంచానికి పరిచయం చేసింది టాల్బట్ మండీ అనే రచయిత. 1923లో ఒక అమెరికన్ పత్రికలో వచ్చిన ఆయన సాహస నవల అది. 1960లో పారిస్‌లో ఇద్దరు రచయితలు తమ పుస్తకంలో దాన్ని చరిత్ర అన్నట్టు రాశారు. అక్కడి నుంచి ఇక చెప్పక్కర్లేదు. అశోకుడి శాసనాల్లో ఈ తొమ్మిదిమంది ఊసే లేదు. ఎగిరే విద్యకు సాక్ష్యంగా ఒకరు, ప్రాచీన విమానాల గ్రంథమని చెప్పుకునే వైమానిక శాస్త్రం తెచ్చారు. దాన్ని 1974లోనే బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వాళ్ళు పరిశీలించి, అది 20వ శతాబ్దంలో తయారైన గ్రంథమనీ, అందులోని విమానాలు ఎగరవనీ తేల్చేశారు. తెచ్చినాయన కాస్త చిన్నబుచ్చుకున్నారు గానీ, తర్వాతి సభలకు ముందు వరసలో కూర్చున్నది ఆయనే.

చలికాలంలో ఒక ఆదివారం బస్సు మాట్లాడుకుని జౌగడ వెళ్ళాం. ఖర్చు వచ్చినవాళ్ళే పంచుకున్నారు. దారిలో తారాతారిణి కొండెక్కి దర్శనం చేసుకుని, రుషికుల్య ఒడ్డు పట్టుకుని వెళ్ళేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. పాత మట్టికోట గోడలు, మధ్యలో బండ. అక్షరాలు మూడు పలకలుగా ఉన్నాయి. మొదటి పలకలో రాయి పెచ్చులూడి చాలా భాగం పోయింది. ఈ కోట లక్కతో కట్టిందనీ, శత్రువులు ఎంత ఎక్కినా జారిపోయేవారనీ, చివరికి పాలమ్ముకునే ఆవిడ నోరుజారి నిప్పు పెడితే కరుగుతుందని చెప్పేసిందనీ అక్కడో కథ ఉంది. రహస్యాలు దాగే తీరు అదీ!

అశోకుడు పలుచోట్ల బండల మీద చెక్కించిన 14 శాసనాల వరసలో ఇక్కడున్నవాటి అర్థం తెలుగులో అచ్చువేయించి తీసుకెళ్ళాం. రిటైరైన మాస్టారు ఒకరు బండ ముందు నిలబడి గట్టిగా చదివారు. మనుషులకీ పశువులకీ వైద్యం ఏర్పాటు చేశాననీ, మందు మొక్కలు లేనిచోటికి తెప్పించి నాటించాననీ 2వ శాసనం. రోగమొచ్చినా, పెళ్ళయినా, ప్రయాణమైనా జనం రకరకాల తంతులు చేస్తారు, ముఖ్యంగా ఆడవాళ్ళు పనికిరానివి చేస్తారు, వాటి ఫలితం స్వల్పం అని 9వ శాసనం. ఇది వినగానే మహిళా సభ్యులు ఊరుకోలేదు. ఆ తంతులకు పప్పు బెల్లాలు తినేదెవరని అడిగారు. మాస్టారి దగ్గర జవాబు లేదు.

కళింగం కోసం ప్రత్యేకంగా చెక్కించిన రెండు శాసనాల దగ్గరే ఎక్కువసేపు ఆగాం. ఇవి అప్పట్లో ఇక్కడున్న సమాపా నగరంలోని అధికారులకు అశోకుడు ఇచ్చిన ఆజ్ఞలు. మనుషులందరూ నా బిడ్డలే అంటాడు. సరిహద్దు జనం నన్ను చూసి భయపడకూడదు అంటాడు. అక్కడ మనవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. 1936లో ఒడిశా ఏర్పడ్డప్పటి నుంచి మనం సరిహద్దు జనమే కదా. ఆ తర్వాతి వాక్యం అసలైనది. దీన్ని తిష్య నక్షత్రం నాడు, అంటే మన పుష్యమి నాడు, అందరికీ వినిపించాలి, మధ్యలోనూ సందర్భం దొరికితే ఒక్కడికైనా వినిపించాలి. వినేవాడు ఒక్కడున్నా చదవమన్న రాజు తొమ్మిదిమందితో గుట్టు నడిపాడంటే నమ్మడం నా వల్ల కాలేదు.

అయితే ఆయన ఇక్కడ చెప్పనిది ఒకటి ఉంది. కళింగంలో ఆ వరస చెక్కిన రెండు చోట్లా, అంటే జౌగడలోనూ భువనేశ్వర్ దగ్గరి ధౌలిలోనూ, 11, 12, 13 శాసనాలు లేవు. కళింగ యుద్ధంలో లక్షమంది చచ్చారనీ, లక్షన్నరమందిని పట్టుకుపోయారనీ, అందుకు పశ్చాత్తాపపడుతున్నాననీ చెప్పేది ఆ 13వదే. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండ మీద అది ఉంది, కళింగంలో లేదు. చచ్చినవాళ్ళ ఇళ్ళముందు ఆ లెక్క చదివించడానికి మొహం చెల్లలేదేమో. నాకు ఆ తొమ్మిదిమంది కథకన్నా ఈ ఖాళీయే ఎక్కువ గుబులు పుట్టించింది.

ఇంకో చిత్రం. ఇంత బాహాటంగా చెక్కిన మాటలే తర్వాత ఎవరికీ అర్థం కాకుండా పోయాయి. 14వ శతాబ్దంలో ఫిరోజ్ షా తుగ్లక్ అశోక స్తంభాలను ఢిల్లీకి తరలించినప్పుడు వాటిని చదవగలిగినవాడు దొరకలేదు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ అనే ఆంగ్లేయుడు ఈ రాతలున్న బ్రాహ్మి లిపిని ఛేదించాడు. జౌగడ రాతలకు 1850లో వాల్టర్ ఇలియట్ అనే బ్రిటిష్ అధికారి నకలు తీయించాడు. అన్నాళ్ళూ కాపలా ఎవరూ లేరు, చదివేవాళ్ళూ లేరు.

తిరిగొచ్చాక, ఇళ్ళలో తాళపత్రాలుంటే చూపించమని సభ్యులను కోరాం. ఒక్క కుటుంబం ముందుకొచ్చింది. దేవుడి గదిలో ఎర్రగుడ్డలో చుట్టిన కట్ట, దసరాకి పసుపు కుంకుమ పెట్టడమే తప్ప ఎవరూ విప్పలేదు. ఆకులు అతుక్కుపోయాయి. నిమ్మగడ్డి నూనెలో ముంచిన దూదితో ఒక్కోటీ విడదీసి, మసి పూసి తుడిస్తే గంటం గీతల్లో నలుపు నిలిచి అక్షరాలు తేలాయి. లిపి ఒడియా, మాట తెలుగు. బడిలో ఒడియా చదువుకున్న మనవడు అక్షరాలు కూడబలుక్కుని పైకి చదివాడు, వాడికి ముక్క అర్థం కాలేదు. అక్షరం ముక్క రాని నాయనమ్మకు అంతా అర్థమైంది. పసరు వైద్యం, పథ్యాలు. ఆ తర్వాత తేలు మంత్రం మొదలై, "గోపనీయం ప్రయత్నేన", అంటే జాగ్రత్తగా దాచాలి, అన్న మాట రాగానే "ఇక చాలు నాయనా, అది పైకి చదవకు" అందావిడ. వాడు ఆపేశాడు.

ఆ ఆకు ఫోటోను సభ్యులొకరు గ్రూపులో పెట్టేయడంతో ఆ ఇంటివాళ్ళు నొచ్చుకున్నారు. వెంటనే తీయించాం. కాసేపు అందరికీ టెన్షన్. వైద్యం ఆకులకు తెలుగులో నకలు తీయాలనీ, మంత్రం ఆకు ఆ ఇంట్లోనే ఉండాలనీ తీర్మానం చేశాం. మంత్రం పని చేస్తుందని కాదు. ఇంటివాళ్ళు వద్దన్నది బజార్న పెట్టే హక్కు సంఘానికి లేదు. తేలు కుడితే మాత్రం అందరూ ఆసుపత్రికే వెళ్ళండి.

చిల్లంగి, చేతబడి మీద జరిగిన సభ పొడుగ్గా సాగింది. ఎవరినైనా మంత్రగత్తె అని ముద్రవేసి హింసించడం ఒడిశాలో 2013 చట్టం కింద నేరం. వీధిలో అలాంటి మాట వినిపిస్తే కార్యవర్గానికి చెప్పండి, నానబెట్టొద్దు.

పిల్లల తెలుగు తరగతి ఆదివారం ఉదయానికి మారింది. పెద్దలు ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు, ఫీజు లేదు. చందా బాకీ ఉన్నవారు సర్వసభ్య సమావేశంలోపు కట్టాలి. ఇంట్లో తాళపత్రాలున్నవారు వాటిని పొగ, చెమ్మ తగలని చోట పెట్టండి. నిమ్మగడ్డి నూనె సంఘం దగ్గర ఉంది, సీసా తెచ్చుకుంటే పోసిస్తాం.

కార్యదర్శి