నాన్న మోకాలి ఇంజెక్షన్ సంగతి

చిరంజీవి చిన్నాకి,

అమ్మ దీవించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. నాన్న మోకాళ్ళ సంగతి నీకు తెలిసిందే, డాబా ఎక్కడం మానేశారు. మొక్కలకి నీళ్ళు నేనే పోస్తున్నా.

మేం డాలస్ వచ్చినప్పుడు వేయిద్దామని నువ్వు పంపిన ఆ స్టెమ్ సెల్ (మూలకణాల) ఇంజెక్షన్ క్లినిక్ కాగితాలు రెండుసార్లు చదివాను. "బొడ్డుతాడు కణాలమ్మా, ల్యాబ్‌లో పెంచినవి, అంతకంటే శుభ్రంగా ఏముంటాయి" అన్నావు ఫోన్లో. నాన్న పక్కనే కూర్చుని ఆశగా వింటున్నారు, అందుకే ఏమీ అనలేకపోయాను.

ఇరవై రెండేళ్ళు ఇంజెక్షన్ల కంపెనీలో స్టెరిలిటీ టెస్టులు, అంటే మందులో సూక్ష్మజీవులు లేవని చూసే పరీక్షలు, చేసినదాన్ని కదా. మామూలు మందుతో మాకో ధైర్యం ఉండేది. చివర్లో 0.22 మైక్రాన్ల ఫిల్టర్‌లోంచి పంపితే బ్యాక్టీరియా పైనే ఆగిపోతుంది. కొన్నిటిని సీసాతో సహా ఆటోక్లేవ్‌లో, అదే ఆవిరితో ఉడికించే యంత్రంలో, పెట్టేస్తాం. బతికున్న కణంతో ఈ రెండూ కుదరవు. అది బ్యాక్టీరియా కంటే ఎన్నో రెట్లు పెద్దది, ఫిల్టర్ ముందు దాన్నే ఆపేస్తుంది. వేడి చేస్తే చచ్చిపోతుంది. కాబట్టి తాడు కోసిన దగ్గర్నుంచి సూదిలోకి ఎక్కేదాకా ఎక్కడా ఏదీ అంటకూడదు. బామ్మ మడి గుర్తుందా? మధ్యలో ఎవరైనా ముట్టుకుంటే మళ్ళీ మొదటికే.

టెస్టు చేస్తారుగా అంటావు. ఆ టెస్టుకే 14 రోజులు పడుతుంది. ఒకసారి మా దగ్గర ఎనిమిది రోజులు తేటగా ఉన్న సీసా తొమ్మిదో రోజు బ్యాక్టీరియా పెరిగి బియ్యం కడిగిన నీళ్ళలా అయింది. బ్యాచ్ మొత్తం పారబోశాం. కారణం ఎవరిదో గ్లవ్‌కి పడిన చిన్న చిరుగు. కణాల్ని మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో దాస్తే రిజల్ట్ వచ్చేదాకా ఆగచ్చు. తాజాగా ఇచ్చేవాటికి ఆ వీలుండదు. మైకోప్లాస్మా అని ఇంకో రకం బ్యాక్టీరియా ఉంది, ద్రవం మసకబారకుండానే పెరిగిపోతుంది. దాన్ని పెంచి చూసే పాత పద్ధతికి 28 రోజులు.

పెంచడం అంటే రోజూ పెరుగు తోడేసినట్టే. తోడు మీద తోడు వేస్తూ పోతే కణాలు ముసలివవుతాయి, క్రోమోజోములు కూడా తేడా చేయచ్చు. మంచి ల్యాబులు కొన్ని తోడులతోనే ఆపేసి, క్రోమోజోములు చూస్తాయి. ఇలాంటి కణాలు వాటంతటవే క్యాన్సర్‌గా మారాయని 2005లో ఒక పరిశోధన పత్రం వచ్చింది. 2010లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. అదే ల్యాబ్‌లో ఉన్న క్యాన్సర్ కణాలు వీటిలో కలిసిపోయాయట! అందరూ హమ్మయ్య అనుకుని ఉంటారు, నాకు మాత్రం భయం ఇంకా పెరిగింది.

అన్నీ చెడ్డ మాటలే చెప్పకూడదులే. ఇదే జాతి కణాల్ని రక్తనాళంలోకి ఎక్కించిన 36 అధ్యయనాల్ని, 1012 మందిని 2012లో కలిపి చూశారు. కొద్దిసేపు జ్వరం తప్ప క్యాన్సర్ గానీ, ఇన్ఫెక్షన్ గానీ ఎక్కువైనట్టు తేలలేదు. అవన్నీ జాగ్రత్తగా నడిపిన ట్రయల్స్, అంటే వైద్యాన్ని మనుషుల మీద పరీక్షించి చూసే అధ్యయనాలు. డబ్బు కట్టి క్లినిక్‌లో వేయించుకున్న వాళ్ళ సంగతి వేరు. 2018లో మీ టెక్సస్‌లో, ఫ్లోరిడా, ఆరిజోనాల్లో కలిపి పన్నెండు మంది ఇన్ఫెక్షన్‌తో ఆసుపత్రి పాలయ్యారు. కీళ్ళలోకో, వెన్నులోకో వేయించుకున్నారు. అవి పెంచిన కణాలు కూడా కావు, బొడ్డుతాడు రక్తం నుంచి తీసినవి. మూత తీయని సీసాల్లోనే ఈ.కోలై బ్యాక్టీరియా దొరికింది. ఆ మాట చదివి నేను కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

అక్కడ మందులకి అనుమతిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ బొడ్డుతాడు రక్తాన్ని రక్త సంబంధ జబ్బులకే ఒప్పుకుంది, మోకాలికి కాదు. ఇక్కడ కూడా మన వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం అనుమతి లేని స్టెమ్ సెల్ వైద్యం ట్రయల్‌గానే చేయాలి, రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. మోకాలి అరుగుదలకి 2022లో మన డ్రగ్స్ కంట్రోలర్ ఒప్పుకున్న మందు ఒకటుంది గానీ, అది ఎముక మజ్జ కణాలతో చేసినది.

ఆ క్లినిక్ వాళ్ళని రెండే అడుగు: ఈ బ్యాచ్ సర్టిఫికెట్ ఏది, ట్రయల్‌గా ఎఫ్‌డీఏ అనుమతి నంబర్ ఎంత అని. మెడికల్ పదాలు చూసి టెన్షన్ పడకు, కాగితం చేతికొస్తే నేను చదువుతాను. నాన్నకి మాత్రం ఏమీ చెప్పకు. ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పిన తొడ వ్యాయామం ఈ వారం నాలుగు రోజులు చేశారు, మిగతా మూడు రోజులు క్రికెట్ చూశారు.

అమ్మ