నన్ను మళ్ళీ బండెక్కించిన వాళ్ళకు

ముందుగా ముగ్గురికి దణ్ణం పెట్టాలి. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో కౌన్సెలింగ్ చేసే మేడమ్‌కి, మా బండి నడిపే పైలట్ అన్నకి, మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ (14416)లో ఒక అర్ధరాత్రి నాతో మాట్లాడిన అమ్మాయికి. పేర్లు రాస్తే వాళ్ళకి ఇష్టమో కాదో తెలియదు కాబట్టి రాయడం లేదు. చదివితే వాళ్ళకే అర్థమవుతుంది.

నేను అంబులెన్సులో ఈఎంటీని, అంటే ఆసుపత్రికి చేరేదాకా పేషెంటుకి అత్యవసర చికిత్స చేసేవాణ్ణి. చెన్నై–కోల్‌కతా హైవే పక్కన మా బేస్, అంటే మా బండి ఆగి ఉండే చోటు. 12 గంటల డ్యూటీ. యాక్సిడెంట్లు, గుండెపోట్లు, పురుగుల మందు తాగినవాళ్ళు, నొప్పులొస్తున్న గర్భిణులు. ఉద్యోగంలో చేరిన కొత్తలో బండిలో కాన్పు చేస్తే ఇంటికెళ్ళి వీధిలో అందరికీ చెప్పేవాడిని. పోయిన ఏడాది వచ్చేసరికి ఏ కేసు గురించీ నోరు విప్పాలనిపించలేదు. స్ట్రెచర్ పక్కన ఓ తల్లి గుండెలు బాదుకుని ఏడుస్తుంటే నా చేతులు సెలైన్ పెట్టేవి, బీపీ చూసేవి. లోపల మాత్రం ఏమీ కదిలేది కాదు. ఇంట్లో పాప ఒళ్ళోకొచ్చి కూర్చుంటే బరువనిపించేది. డ్యూటీ టైమ్ దగ్గర పడుతుంటే కడుపులో తిప్పేది. కళ్ళు మూసుకుంటే సైరన్.

నాలో తేడా ముందు కనిపెట్టింది పైలట్ అన్న. బండి కడుగుతూ, చుట్టుపక్కల ఎవరూ లేనప్పుడు, "తమ్ముడూ, పేషెంటుని దించాక నువ్వు మంచినీళ్ళు కూడా తాగట్లేదురా. ఎవరితోనైనా మాట్లాడు" అన్నాడు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. ఆ మర్యాదకి అన్నకి రుణపడి ఉంటాను.

టెలీ మానస్ గురించి నాకు తెలియక కాదు. 2022 అక్టోబరు 10న అది మొదలైనప్పటి నుంచి ఎంతోమంది పేషెంట్ల బంధువులకు ఆ నంబరు చెప్పాను. ఉచితం, రాత్రీపగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు అని. నాకోసం చేసుకోవాల్సి వచ్చేసరికి మాత్రం వేలు ఆడలేదు. చివరికి ఆ అర్ధరాత్రి చేశాను. ఫోన్ ఎత్తిన అమ్మాయి నన్ను మాట్లాడనిచ్చి, "చనిపోవాలన్న ఆలోచన ఏమైనా వస్తోందా అండీ?" అని సూటిగా అడిగింది. తటపటాయించకుండా అడిగినందుకే నమ్మకం కుదిరింది. రావట్లేదని చెప్పాక కూడా వదల్లేదు, జిల్లా ఆసుపత్రిలో ఎవరిని కలవాలో చెప్పింది.

వెళ్ళడానికి భయమేసింది. ఆఫీసులో తెలిస్తే ఉద్యోగం ఏమవుతుందో, ఊళ్ళో ఏమనుకుంటారో అని. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం నా వివరాలు రహస్యంగా ఉంచాల్సిందేనని మేడమ్ మొదటే చెప్పారు. ముందు డాక్టరుగారు డిప్రెషన్ ఉందేమో పరీక్షించారు. అది కాదని తేలాక అసలు కౌన్సెలింగ్ మొదలైంది. పూర్తిగా అలిసిపోవడం, ఎదుటి మనుషులు దూరమైపోవడం, చేసే పనికి విలువే లేదనిపించడం: ఈ మూడూ కలిసొస్తే దాన్ని బర్నవుట్ అంటారని చెప్పారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని జబ్బుగా కాకుండా, పనిలో తగ్గని ఒత్తిడి వల్ల వచ్చే స్థితిగా తన జాబితాలో చేర్చిందట. నేను కర్కోటకుణ్ణయిపోయానేమోనని కుమిలిపోతున్నవాణ్ణి. "మీకు జాలి పోలేదు, వాడివాడి అలిసిపోయింది" అన్నారావిడ.

మా పనిలో ఒక సంగతి బయటివాళ్ళకు తెలియదు. పేషెంటుని క్యాజువాలిటీలో అప్పజెప్పి సంతకం తీసుకుంటే మా పని అయిపోయినట్టే. తర్వాత బతికాడో లేదో మాకు చెప్పేవాళ్ళుండరు, కనుక్కునేలోపు ఇంకో కాల్ వస్తుంది. బండిలోనే ప్రాణం పోయినవాళ్ళ సంగతి మాత్రం చివరిదాకా తెలుస్తుంది. మేడమ్ ఇదంతా ఓపిగ్గా విని, "అంటే మీ దగ్గర చావులన్నీ పూర్తిగా మిగులుతున్నాయి, బతికినవాళ్ళు సగంలోనే వెళ్ళిపోతున్నారు" అన్నారు. ఇన్నేళ్ళలో నాకు ఆ సంగతి తట్టనే లేదు. అప్పుడప్పుడూ ఒకటి రెండు కేసుల గురించి వార్డులో అడగమన్నారు. అడిగాను. పురుగుల మందు తాగిన ఓ కుర్రాడు మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటున్నాడని సిస్టర్ చెబితే అక్కడే మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. అన్ని నెలల తర్వాత వచ్చిన ఏడుపు అది. ఆ సిస్టర్‌కీ నా నమస్కారం.

ఇంకొక్కటి చెప్పాలి. శ్వాస మీద ధ్యాస పెట్టడం, నైట్ డ్యూటీ దిగాక గది చీకటి చేసుకుని పడుకోవడం అన్నీ నేర్పారు గానీ, డ్యూటీ చార్టు మారకుండా ఇవి ఎంతోకాలం నిలబెట్టవని కూడా మేడమే అన్నారు. నేను సరేనన్నాకే ఆఫీసుకి ఉత్తరం రాశారు. మా సూపర్‌వైజర్ గారు ఎదురు ప్రశ్న వేయకుండా కొన్నాళ్ళు టౌన్ బేస్‌కి మార్చారు, వారానికో ఆఫ్ ఖాయం చేశారు. కౌన్సెలింగ్‌లో సగం ఫలితం ఆ మార్పు వల్లే వచ్చిందని నేను గట్టిగా నమ్ముతున్నాను సార్, మీకు ధన్యవాదాలు. గుచ్చి గుచ్చి అడగకుండా అన్నం పెట్టి పక్కన కూర్చున్న మా ఆవిడకి ఏం చెప్పినా తక్కువే.

ఇప్పుడు మళ్ళీ హైవే బేస్‌లోనే ఉన్నాను. మేడమ్ దగ్గరికి అప్పుడప్పుడూ వెళుతూనే ఉన్నాను. తోటి ఈఎంటీలు, సిస్టర్లు, ఆశా అక్కలు ఎవరికైనా ఇలా ఉంటే 14416కి చేయండి. ఆసుపత్రికి ఒంటరిగా వెళ్ళడానికి మొహమాటమైతే నాకు మెసేజ్ పెట్టండి, నా ఆఫ్ రోజున వెంట వస్తాను.